ఆదివారం శోకాలు

ఓబులమ్మ చనిపోయిందని కొడుకు నారాయణ వీధిలో నిలబడి అరిస్తే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. అంతకు ఎనిమిది నెలల ముందు ఆమె ఒకసారి చచ్చి, వీధి వీధంతా గుండెలు బాదుకుంటూ వచ్చాక మంచం మీద లేచి కూర్చుని, ఎవరెవరు వచ్చారు, ఎవరు రాలేదు అని చూసుకున్న మనిషి.

ఈ సంగతి అర్థం కావాలంటే ముందు ఓబులమ్మ ఎవరో చెప్పాలి. కోసిగి చుట్టుపక్కల ఊళ్ళలో శోకం తీయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. శోకమంటే ఉత్త ఏడుపు కాదు. ఏడుపు అందరికీ వస్తుంది, పసిపిల్లలకు మరీ బాగా వస్తుంది. శోకమంటే పోయిన మనిషిని వరసపెట్టి పిలిచి, ఆ మనిషి చేసిన పనులన్నీ రాగం మీద ఒకదాని వెనక ఒకటి చెప్పి, మొండివాడి చేత కూడా కండువాతో కళ్ళు తుడిపించడం. ఓబులమ్మ నోరు విప్పిందంటే, పోయినవాడితో ఇరవై ఏళ్ళు చేనుగట్టు తగాదా నడిపినవాడు కూడా "ఇంత మంచోడని నాకు తెల్లేదే" అని ముక్కు చీదేవాడు. చుట్టమా, పక్కమా అని ఆమె చూసేది కాదు. కబురు రాగానే చేతిలో పని పక్కన పెట్టి, మొహం కడుక్కుని, వక్కాకు నోట్లో వేసుకుని బయలుదేరేది.

ఆమెకు ఉన్న దిగులు ఒక్కటే.

"ఊరందరికీ నేను తీస్తి. నాకు ఎవురు తీస్తారు?"

తీయగలిగినవాళ్ళు లేక కాదు. రెండు వీధుల అవతల లక్ష్మీదేవమ్మ ఉంది. కానీ ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందట ఒక పెద్దమనిషి చావులో, ఓబులమ్మ ఇంకా దారిలో ఉండగానే లక్ష్మీదేవమ్మ శోకం ఎత్తుకుంది. అంతే, ఆనాటి నుంచి ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. "దానికి గొంతుండాది గానీ మాట లేదు" అనేది ఓబులమ్మ. "ఆమెకు మాటుండాది గానీ గొంతు లేదు" అనేది లక్ష్మీదేవమ్మ. ఇద్దరూ చెప్పింది నిజమేనని ఊరంతటికీ తెలుసు, పైకి అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

అందుకని ఓబులమ్మ కన్ను మనవరాలు సుప్రజ మీద పడింది. సుప్రజ డోన్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. శనివారం సాయంత్రం రైలుకు వచ్చి సోమవారం తెల్లవారి రైలుకు పోయేది. "దినామూ అరవై మంది పిల్లోళ్ళ మీద అరిసే గొంతు. రాగానికి అంతకంటే ఏం కావల్ల?" అని ఓబులమ్మ తేల్చేసింది. చేతిలో చెయ్యి వేయించుకుని మాట తీసుకుంది. అక్కడితో ఊరుకోకుండా, "నా శోకం నా మనవరాలిది. ఇంకెవురన్నా నోరు తెరిస్తే ఒప్పుకునేది లేదు" అని ఊళ్ళో చాటింపు వేసినంత పని చేసింది. ఆ చాటింపు ఎవరి కోసమో లక్ష్మీదేవమ్మకు చెప్పనవసరం లేదు.

ఇక ఆదివారం ఆదివారం శోకం నేర్పే తాలీము మొదలైంది. మధ్యాహ్నం తిండి కాగానే ఓబులమ్మ వసారాలో మంచం వాల్చుకుని, చేతులు రొమ్ము మీద పెట్టుకుని, కాలి బొటనవేళ్ళు రెండూ ఒకచోట చేర్చుకుని, కళ్ళు మూసుకుని "కానీ" అనేది. ఆ మాట విన్న మరుక్షణం నారాయణ తుండుగుడ్డ భుజాన వేసుకుని చేనికి పోయేవాడు.

"మనిషి బతికుండంగా ఏం పనులమ్మా ఇవి?" అని ఒకసారి అడిగాడు.

"సచ్చినాక దిద్దేదానికి వస్తానా?" అంది తల్లి, కళ్ళు తెరవకుండానే.

సుప్రజ మొదటి ఆదివారం "బంగారు తల్లీ" అని ఎత్తుకుంది. ఓబులమ్మ ఒక కన్ను తెరిచింది.

"బంగారమేందిమే? ముక్కుపుల్ల తప్ప నాకు బంగారం యాడుండాది? సచ్చినోళ్ళు ఇంటాంటారు. అబద్దం చెప్తే ఆడనే సిగ్గుతో సస్తారు."

"సీతమ్మ వంటి అవ్వా" అని మార్చింది సుప్రజ. రెండో కన్ను కూడా తెరుచుకుంది.

"సీతమ్మ అడివికి పొమ్మంటే పోయినాది. మీ తాత పొమ్మంటే నేను పోయింటినా? నువ్వు ఉత్త అవ్వా అని పిలువు. అది చాలు."

ఇట్లా వారానికొక దిద్దుబాటు. చెయ్యి చాచితే, "ఆ చెయ్యేంది, బస్సు ఆపుతాండావా? రొమ్ము మీదికి రావల్ల" అనేది. ముందు కన్నీళ్ళు తెచ్చుకోబోతే, "ఏడుపుతో ఎత్తుకోగూడదు పాపా, పిలుపుతో ఎత్తుకోవల్ల. ఏడుపు దావలో అదే కలుస్తాది" అనేది. అన్నిటికంటే ఎక్కువ గొడవ ఆఫీసరు సంగతి దగ్గర వచ్చింది. వానల్లేక చెనిక్కాయ చేలన్నీ మాడిపోయిన ఏడు, పంట నష్టం రాసుకోవడానికి వచ్చిన ఆఫీసరొకాయన జీపు దిగకుండానే పోబోయాడు. ఓబులమ్మ ఎండిన చెట్లు పీకి మోపు కట్టి, మట్టితో సహా ఆయన ఒళ్ళో పెట్టి, "నువ్వు దిగకుంటే పాయ, ఇవే ఎక్కినాయి, రాసుకో" అంది. సుప్రజ శోకంలో దీన్ని, అవ్వ చేసే అలసందవడల సంగతి తర్వాత చెప్పింది.

"ముందు ఆఫీసరు. వడలు ఎవురైనా చేస్తారు."

"మరి అబద్దం చెప్పగూడదంటివి గదవ్వా. వడల్లో ఉప్పెక్కువ అని చెప్పల్నా, వద్దా?"

ఓబులమ్మ పైకప్పు వైపు చూస్తూ శానాసేపు ఆలోచించింది.

"ఉప్పు ఇడిసిపెట్టు. అన్నీ చెప్పేదానికి అది కోర్టా?"

అట్లాంటి ఒక ఆదివారమే మజ్జిగ తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చిన పక్కింటి కోడలు, మంచం మీద కదలకుండా పడుకున్న ముసలామెనూ, పక్కన కూర్చుని రాగం తీస్తున్న మనవరాలినీ చూసి, గిన్నె జారవిడిచి ఒక కేక పెట్టింది. సుప్రజ కళ్ళు మూసుకుని మంచి ఊపులో ఉంది, ఆపలేదు. అయిదు నిమిషాల్లో వాకిలి నిండిపోయింది. ఎవరో తప్పెటవాళ్ళకు ఫోను కూడా చేశారు. అందరూ సందడిగా ఏడుస్తుండగా ఓబులమ్మ లేచి కూర్చుని చుట్టూ ఒకసారి చూసింది. ముందు వరసలో ఉన్న ఇద్దరు ముసలాళ్ళకు నిజంగానే ప్రాణం పోయినంత పనైంది.

"అందరూ వచ్చినట్లుండారే. లక్ష్మీదేవి రాలేదేం?" అని మాత్రం అడిగింది ఆమె.

ఆ తర్వాత ఎనిమిది నెలలకు, ఎండలు ముదురుతున్న ఒక బుధవారం మధ్యాహ్నం, ఓబులమ్మ జొన్నరొట్టె తిని, నీళ్ళు తాగి, అదే మంచం మీద పడుకుని, మళ్ళీ లేవలేదు. నారాయణ చేని నుంచి వచ్చి పిలిచాడు, తట్టాడు, వీధిలోకి పరుగెత్తాడు. టీ అంగడి దగ్గర కూర్చున్నవాళ్ళు అతని వైపు చూసి నవ్వారు.

"ఈ పొద్దు ఆదివారం గాదు గదప్పా?"

"ఈసారి చెయ్యన్నా సరిగ్గా పెడతాండాదా నీ బిడ్డ?"

నారాయణ నడివీధిలో నిలబడి, యాభై అయిదేళ్ళ మనిషి, నోరు తెరిచి అరిచాడు. అప్పుడు ఒక్కతే వచ్చింది. లక్ష్మీదేవమ్మ, చెప్పులు కూడా వేసుకోకుండా, కాలుతున్న సిమెంటు రోడ్డు మీద పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నీకెట్ల నమ్మకమొచ్చింది చిన్నమ్మా?" అని తర్వాత ఎప్పుడో అడిగాడు నారాయణ.

"ఆ ఆదివారం మీ ఇంట్లోనించి వరసగా రాగం ఇనపడ్య. మనిషి పోయిన ఇంట్లో ఎవురన్నా అంత వరసగా ఏడుస్తారా? అందుకే రాలేదు. ఈసారి నువ్వు బర్రె మాదిరి అరిస్తివి. అది నిజమని వచ్చినా."

సుప్రజ సాయంత్రం రైలుకు వచ్చింది. వాకిట్లో జనం దారి ఇచ్చారు. అప్పటిదాకా ఎవరూ శోకం ఎత్తుకోలేదు. ఓబులమ్మ మాట ఓబులమ్మ మాటే కదా, అందరూ మనవరాలి కోసం కాచుకుని ఉన్నారు. సుప్రజ మంచం పక్కన కూలబడింది. ఊపిరి బిగబట్టి, చెయ్యి ముందుకు చాచింది. అప్పుడు ఆమెకు బస్సు గుర్తొచ్చింది.

నవ్వొచ్చింది. అవ్వ శవం ముందు, ఊరంతా చూస్తుండగా, కడుపులోంచి పొంగి వచ్చింది. చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని తల అవ్వ భుజం మీద వాల్చేసింది. వీపు ఎగిరెగిరి పడుతుంటే వెనక ఉన్నవాళ్ళు "పాపం, బిడ్డకు గొంతు పెగలడంలేదు" అనుకున్నారు. అవ్వ తల దగ్గర కూర్చున్న లక్ష్మీదేవమ్మకు మాత్రం మొహం కనపడింది. ఆమె ఒంగి, సుప్రజ తొడ మీద గట్టిగా గిల్లి, "తల పైకెత్తొద్దు" అని చెవిలో చెప్పింది.

అట్లా, ఊరందరికీ శోకం తీసిన ఓబులమ్మ, శోకం లేకుండానే మట్టిలోకి పోయింది. వాళ్ళ చేనులోనే, గట్టు మీద, మొగుడి పక్కన పెట్టారు.

ఇక మిగిలింది పదకొండో రోజు. దినాల పొద్దు సమాధి దగ్గర తీయకపోతే ఆ తర్వాత తీసే ఆచారం లేదు. దినాలయ్యాక పోయినవాళ్ళను రాగం పెట్టి పిలవకూడదు, పిలిస్తే వాళ్ళకు దారి సాగదంటారు. కాబట్టి సుప్రజకు పది రోజులు టైముంది. బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయింది. మిద్దె మీద ప్రయత్నించింది, బట్టలుతికే బండ దగ్గర ప్రయత్నించింది, తలుపేసుకుని ప్రయత్నించింది. "అవ్వా" అని ఎత్తుకోగానే ఒక కన్ను తెరిచిన అవ్వ కనపడేది. కనపడగానే నవ్వు. పది రోజుల్లో ఒక్క కన్నీటి చుక్క రాలేదు.

తొమ్మిదో రోజుకు ఆమెకు భయం పట్టుకుంది. శోకం రాలేదని మాత్రమే కాదు. అవ్వంటే నాకు ప్రేమ ఉందనుకున్నానే, ప్రేమ ఉంటే ఏడుపు రాదా, నేను ఉత్త రాతి మనిషినా, అని. తమ్ముడు భూపేష్‌తో చెప్పుకుంది. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు కాబట్టి ప్రతిదానికీ వాడి దగ్గర ఒక ఉపాయం ఉంటుంది.

"ఉల్లిగడ్డ పెట్టుకో అక్కా. కర్నూలు జిల్లాలో పుట్టి ఏడుపు రాదంటే ఎట్ల?"

కోసిన ఉల్లిగడ్డను చేతిరుమాలులో చుట్టి ఇచ్చాడు కూడా. సుప్రజ తలుపేసుకుని దాన్ని కళ్ళకు అద్దుకుంది. కళ్ళు మండాయి, నీళ్ళు ధారగా కారాయి, అద్దంలో తన మొహం చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వింది. అవ్వ ఉంటే దీన్ని చూసి ఎంత నవ్వేదో అనుకుని ఇంకా నవ్వింది.

పదకొండో రోజు పొద్దున్నే చుట్టాలంతా చేనికి నడిచారు. నారాయణ చేతిలో పెద్ద పళ్ళెం, అందులో కొర్రన్నం, అలసందవడలు, వక్కాకు. సమాధి మీద పాలు పోశారు, పళ్ళెం పెట్టారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా సుప్రజ వైపు తిరిగారు. చుట్టూ దున్ని వదిలేసిన ఎర్రమట్టి, నీడ లేదు, దాక్కోవడానికి ఎక్కడా చోటు లేదు. లక్ష్మీదేవమ్మ నోరు బిగించుకుని ఒక పక్కగా కూర్చుని ఉంది.

సుప్రజ లేచి సమాధి తలవైపుకు వెళ్ళి కూర్చుంది. చెయ్యి ఎక్కడ పెట్టాలో గుర్తు చేసుకుంది. పిలుపుతో ఎత్తుకుంది.

"అవ్వా... ఓ అవ్వా... పొద్దు పొడవకముందే లేస్తివే అవ్వా, కోడిని నువ్వే లేపితివే అవ్వా..."

గొంతు బాగానే వచ్చింది. నలుగురు ముక్కు చీదారు. సుప్రజకు ధైర్యం వచ్చి ఆఫీసరు దగ్గరికి వచ్చింది.

"జీపులో దొర దిగకపాయనే అవ్వా, ఎండిన చెట్లు మోపు కడితివే అవ్వా, దొర ఒళ్ళో మోపు పెడితివే అవ్వా..."

"ఒక మోపు గాదు పాపా, రెండు" అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన. "నేను ఆడనే ఉంటిని."

సుప్రజ పెదవులు వణికాయి. ఆపుకోవాలని చూసింది. ముక్కులోంచి బుర్రుమని శబ్దం వచ్చింది, ఇంక ఆగలేదు. పదకొండో రోజు సమాధి దగ్గర, శోకం మధ్యలో, ఆమె పకపకా నవ్వేసింది. తర్వాత పక్కింటి కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె పక్కనున్న ఆమెకు అంటుకుంది. అక్కడి నుంచి గడ్డివామికి నిప్పంటుకున్నట్టు పోయింది.

"రెండు మోపులు పెడితివే అవ్వా" అని దిద్దుకుంది సుప్రజ, నవ్వుతూనే, రాగం మాత్రం వదలకుండా. "అలసందవడలు చేస్తివే అవ్వా, ఊరంతా పంచి పెడితివే అవ్వా..."

"ఉప్పు సంగతి చెప్పు!" అని అరిచారెవరో.

"ఉప్పు చెప్పొద్దంటివే అవ్వా, అయినా వీళ్ళు అడగబట్టిరే అవ్వా..."

నారాయణ గట్టు మీద కూలబడి, రెండు చేతులతో తల పట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు. బతికున్న మనిషి మంచం మీద లేచి కూర్చుని ఎవరొచ్చారని అడిగిన సంగతి కూడా ఆ రాగంలోకి వచ్చింది. తప్పెటవాళ్ళు వచ్చి తిట్టుకుంటూ పోయిన సంగతీ వచ్చింది. ఇవేవీ అవ్వ దిద్దిన శోకంలో లేవు. జనం అందించేకొద్దీ సుప్రజ అందుకుంది. ఆ ఊళ్ళో అంత నవ్విన చావు అంతకు ముందు లేదు.

చివరికి ఆఖరి చరణం దగ్గరికి వచ్చింది. అది అవ్వ స్వయంగా కట్టి ఇచ్చింది, ఒక్క మాట మార్చనిచ్చేది కాదు.

"నీ ఇల్లు ఈడనే ఉండాది అవ్వా, నీ చేను ఈడనే ఉండాది అవ్వా, నీ బిడ్డలు ఈడనే ఉండారు అవ్వా, నువ్వు యాడ ఉండావవ్వా..."

చెయ్యి రొమ్ము మీదికి సరిగ్గా వచ్చింది. రాగం తెగకుండా దిగింది. ఇన్ని ఆదివారాల్లో ఎప్పుడూ అంత బాగా రాలేదు. సుప్రజ ఆపి, ఊపిరి పీల్చుకుని, మట్టికుప్ప వైపు చూస్తూ కూర్చుంది.

ఎందుకు చూస్తోందో మొదట ఆమెకే తెలియలేదు. చుట్టూ నవ్వులు ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. ప్రతి ఆదివారం ఈ చరణం అయిపోగానే మంచం కిర్రుమనేది. అవ్వ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి కూర్చుని, ఊడిన ముడి వేసుకుంటూ, "పర్వాలేదు. ఇంగ టీ పెట్టు పో" అనేది. సుప్రజ దాని కోసం చూస్తోంది. పాలు ఇంకిపోయిన మట్టి మీద ఒక చీమల బారు పళ్ళెం వైపు పోతోంది. సుప్రజ ఇంకాసేపు చూసింది.

"అయిపోయిందవ్వా" అంది, రాగం లేకుండా, మామూలు గొంతుతో. "బాగొచ్చింది. లెయ్."

నవ్వులు ఆగిపోయాయి.

"లెయ్ అవ్వా" అంది మళ్ళీ. మూడోసారి అనబోయింది గానీ మాట రాలేదు. దాని బదులు ఏడుపొచ్చింది. వరస లేదు, రాగం లేదు, చెయ్యి ఎక్కడుందో తెలియదు. ముక్కు కారుతోంది, మొహమంతా ఎర్రమట్టి. అవ్వ చూసి ఉంటే ఒక్కటంటే ఒక్కటి ఒప్పుకునేది కాదు. సుప్రజ సమాధి మీద పడి, పది రోజులదీ కలిపి, వాళ్ళ నాయన వీధిలో అరిచినట్టే అరిచి ఏడ్చింది.

లక్ష్మీదేవమ్మ లేచి వచ్చి ఆమె తలను తన ఒళ్ళోకి లాక్కుంది. ఓబులమ్మ చాటింపు అందరికీ గుర్తుంది. లక్ష్మీదేవమ్మకూ గుర్తుంది. ఆమె సమాధి వైపు ఒకసారి చూసి, "కోపం చేసుకుంటే చేసుకో అక్కా" అని, సుప్రజ వదిలేసిన చోట శోకం అందుకుంది.

"నువ్వు యాడ ఉండావక్కా..."

ముప్పై ఏళ్ళు రెండు వీధుల అవతల మాటల్లేకుండా బతికిన గొంతు అది. చేలు దాటి అవతల రోడ్డు మీద పోతున్న ట్రాక్టరువాడు కూడా బండి ఆపాడు. ఆడవాళ్ళంతా అందుకున్నారు. సుప్రజ ఆ ఒళ్ళో తల పెట్టుకుని వింటూ, లక్ష్మీదేవమ్మ గొంతు నిజంగానే అవ్వ గొంతు కంటే శానా బాగుందని మొట్టమొదటిసారి తెలుసుకుంది. ఈ మాట పొరపాటున కూడా అవ్వ దగ్గర అనకూడదు అనుకుంది. అనుకున్నాక, ఇక అనే పని ఎప్పటికీ ఉండదని గుర్తొచ్చి, ఇంకా గట్టిగా ఏడ్చింది.